హోంవర్క్ వాట్సాప్‌లో పెట్టి, ఫోన్ ఇయ్యొద్దంటే ఎట్ల?

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లోని ప్రైవేటు బడుల యాజమాన్యాలకు, ప్రిన్సిపాల్ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మీరు పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారి మాకు ఒక క్లాసు పడుతది. "ఇంట్లో ఫోన్లు ఇస్తున్నరు, అందుకే మార్కులు పడిపోతున్నయి, మీరే కంట్రోల్ చెయ్యాలె" అని స్టేజీ మీది నుంచి చెప్తరు. మేం తల ఊపి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి ఇంటికి వస్తం. అదే రాత్రి ఎనిమిదిన్నర దాటినంక క్లాస్ గ్రూపులో మెసేజ్ వస్తది. రేపటి హోంవర్క్ మూడు ఫొటోలు, ఒక యూట్యూబ్ లింకు, కింద ఒక దండం బొమ్మ. ఫోన్ ఇయ్యకుంటే హోంవర్క్ కాదు, ఇస్తే మీ మాట తప్పినట్టు. ఈ రెండిట్ల ఏది చెయ్యమంటరో అడుగుదామనే ఈ లేఖ.

నేను హనుమకొండ చౌరస్తా దిక్కు మొబైల్ రిపేర్ దుకాణం నడుపుత. బిడ్డ ఎనిమిదో తరగతి, కొడుకు నాలుగు. ఇద్దరూ మీలాంటి బడిలోనే చదువుతున్నరు. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క బడి ముచ్చట కాదు. తండ్రిగా నాకు తెలిసింది కొంత, కౌంటర్ ఇవతల కూసొని చూసింది ఇంకొంత. డిస్‌ప్లే ఎట్ల పగిలిందని నేను ఎవరినీ అడగను. చేయి జారి పడ్డ ఫోన్ మూలకు పగులుతది, గోడకు కొట్టిన ఫోన్ నడుమ పగులుతది. పరీక్షల ముందు నడుమ పగిలినవి ఎక్కువ వస్తయి.

మొన్న పరకాల దిక్కు నుంచి ఒక పెద్దాయన వచ్చిండు. "బ్యాటరీ నిలుస్తలేదు బిడ్డా, మార్చు" అన్నడు. నేను ముందు స్క్రీన్‌గార్డు చూసిన. ఫోన్‌ను అడ్డం తిప్పి పట్టుకుంటే రెండు బొటనవేళ్లు ఆనే జాగల్లో గీతలు పడి మసకబారింది, మిగతాదంతా కొత్తగనే ఉన్నది. గేమ్ ఆడే ఫోన్ అట్లనే అరుగుతది. "నువ్వు ఫ్రీ ఫైర్ ఆడుతవా పెద్దయ్యా?" అంటే నవ్విండు. "నేనెందుకు ఆడుత? మనుమడు హోంవర్క్ చూసుకుంటడు" అన్నడు. అబద్ధం కాదు, హోంవర్క్ కోసమే ఇచ్చిండు. చూసుడు ఐదు నిమిషాల్ల అయిపోయింది, ఫోన్ మాత్రం పండుకునేదాక తిరిగి చేతికి రాలేదు. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలనే మన దేశంలో నిషేధించిన్రు గదా అని మీరు అనొచ్చు. పేరు పక్కన మ్యాక్స్ అని ఉన్నది మిగిలింది, పిల్లలకు అది చాలు.

పిల్లల తెలివి గురించి మీకు నేను చెప్పాల్నా? మార్కుల్లో కనపడకపోవచ్చు గాని ఫోన్‌లో కనపడుతది. అమ్మ ప్యాటర్న్ గీసినంక తెర మీద మిగిలిన జిడ్డు గీతను వెలుతురుకు పట్టి చూసి లాక్ తీస్తరు. నాయిన నిద్రపోతే ఆయన వేలే పట్టి సెన్సర్ మీద ఆనిస్తరు. పిన్ తెలిసినోడు తన వేలిముద్ర కూడా ఎక్కించుకుంటడు. ఒక్కరి ఫోన్‌లో వేలిముద్రల లిస్టు తెరిస్తే నాలుగైదు వేళ్లు కనపడుతయి, ఎవరెవరివో ఆ మనిషికే తెల్వదు. టైమర్ పెడితే ఫోన్ గడియారాన్నే వెనక్కి తిప్పి చూస్తరు. యాప్‌కు తాళం వేస్తే డ్యూయల్ యాప్ అని దానికే ఇంకో కాపీ తీస్తరు. యూట్యూబ్ తీసేస్తే బ్రౌజర్‌లో తెరుస్తరు.

తల్లిదండ్రులు ఏం చేస్తలేరని కూడా అనుకోకండి. వైఫై డబ్బా అడాప్టర్ పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకొని డ్యూటీకి పోయే తల్లి నాకు తెలుసు. నెల రీచార్జి మానేసి, తనకు కూడా నెట్ లేకుండ తిరిగే తండ్రి తెలుసు. బియ్యం డబ్బాలో ఫోన్ దాచేటోళ్లు ఉన్నరు. ఛార్జింగ్ రంధ్రంలో తవుడు చేరి ఆ ఫోన్లు నా దగ్గరికే వస్తయి, నాకు లాభమే. పని చేసి చేసి వచ్చిన మనుషులు ఇంతకంటే ఎక్కువ కాపలా కాయలేరు.

గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ అని ఒకటి ఉన్నది, ఉచితమే. పిల్లల ఫోన్‌లో ఏ యాప్ ఎంతసేపు నడవాలె, రాత్రి ఎన్నింటికి ఫోన్ బంద్ కావాలె, కొత్త యాప్ దించుకోవాలంటే ఎవరు ఒప్పుకోవాలె, ఇవన్నీ తల్లిదండ్రుల ఫోన్ నుంచే పెట్టొచ్చు. మంచిగనే పనిచేస్తది. కాని అది పిల్లగానికి సొంత ఫోన్, సొంత ఖాతా ఉన్న ఇంటి కోసం తయారైంది. మన దగ్గర చాలా ఇండ్లల్లో పిల్లలకు సొంత ఫోన్ లేదు, నా మాటకైతే ఉండొద్దు కూడా. ఉన్నది అమ్మ ఫోన్. దాంట్లనే మహిళా సంఘం గ్రూపు, గ్యాస్ బుకింగ్, ఫోన్‌పే, పుట్టింటోళ్ల గ్రూపు, వాటి నడుమ మీ క్లాస్ గ్రూపు. ఆ ఫోన్‌కు తాళం వేస్తే ముందు ఇబ్బంది పడేది అమ్మనే.

సొంత ఖాతా ఉన్న పిల్లలకు కూడా చాలామంది పుట్టిన సంవత్సరం తప్పు వేస్తరు, 13 ఏండ్ల లోపు అని వేస్తే సవాలక్ష ప్రశ్నలు అడుగుతది గదా అని. అప్పుడు నాలుగో తరగతి పిల్లగాడు యూట్యూబ్ లెక్కల ముప్పై ఏండ్ల మనిషై కూసుంటడు. పెద్దోళ్ల వీడియోలు, పెద్దోళ్ల ప్రకటనలు రాక ఏం జేస్తయి? దుకాణానికి వచ్చినోళ్లకు నేను మొదట సరిచేసేది ఆ పుట్టిన తేదీనే.

ఇగ మీ దగ్గర తెగిపోయేది ఎక్కడంటే, సొంత ఫోన్ ఉన్న పిల్లగానికి రాత్రి ఎనిమిదికి బంద్ అయ్యేటట్టు పెట్టిన ఇల్లు ఒకటున్నది అనుకోండి. హోంవర్క్ ఎనిమిదిన్నరకు వస్తది. దాని కోసం వాట్సాప్ ఒక్కదాన్ని ఎప్పుడూ నడిచే జాబితాలో వెయ్యాల్సి వస్తది. వాట్సాప్ తెరుచుకున్నదంటే స్టేటస్‌లు తెరుచుకుంటయి, ఛానళ్లు తెరుచుకుంటయి, దోస్తుల గ్రూపులు తెరుచుకుంటయి. దోస్తులు కూడా అదే టైముకు హోంవర్క్ కోసమే ఆన్‌లైన్ ఉంటరు. ఇంట్లో కష్టపడి పెట్టుకున్న ఒక్క కట్టుబాటును రోజూ రాత్రి బడియే వచ్చి ఇప్పుతున్నది.

మా అక్క కోరుట్లల ఉంటది, బావ దుబాయిల. అక్కడ వాట్సాప్ కాల్స్ కలువయి, బోటిమ్ అనే యాప్‌ల మాట్లాడుకుంటరు. ఆ ఇంట్లో ఫోన్ బీరువాల పెట్టి తాళం వేస్తే నాయిన ముఖానికి తాళం వేసినట్టే. మేనల్లుడు ఏడో తరగతి. బావ దుబాయి నుంచే ఫ్యామిలీ లింక్‌లో వానికి టైం పెట్టిండు, కొత్త యాప్ దించుకోవాలంటే బావ ఒప్పుకోవాలె. ఇంత దూరం నుంచి పిల్లగాని మీద ఇంత శ్రద్ధ పెట్టే మనిషిని నేను హనుమకొండల కూడా ఎక్కువ చూడలేదు. అయితే వాళ్ల బడి నడుమల ఒక కొత్త యాప్ పెట్టింది, హోంవర్క్ అంతా ఇగ దాంట్లనే అన్నరు. పిల్లగాడు దించుకోబోతే అనుమతి కోసం రిక్వెస్టు దుబాయికి పోయింది. బావ సైటు మీద, ఫోన్ లాకర్‌లో. మనకు ఎనిమిదైతే అక్కడ ఆరున్నర, ఓవర్‌టైం ఉంటే ఇంకా పని దిగడు. తెల్లారి బడిలో "నీ ఒక్కనికే ఎందుకు లేటు?" అని నిలబెట్టిన్రు. తండ్రి మంచిగ చూసుకుంటున్నందుకు కొడుకుకు శిక్ష. బావ ఆ వారమే ఆ అనుమతి సెట్టింగ్ తీసేసిండు.

ఇదంతా ఎప్పుడు మొదలైందో మనందరికీ యాదికున్నది. 2020 సెప్టెంబర్ 1న ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినయి. టీవీ బంద్ చేస్తే పాఠం అయిపోయినట్టు. మన పిల్లలకు ఫోనే తరగతి గది అయింది. అప్పుడు వేరే దారి లేకుండె, దాన్ని తప్పు పట్టను. ఆ యేడాది సెకండ్ హ్యాండ్ ఫోన్లు అమ్మి నేనూ నాలుగు పైసలు చూసిన. తర్వాత బళ్లు తెరిచిన్రు, బెంచీలు నిండినయి, బస్సులు తిరుగుతున్నయి. హోంవర్క్ మాత్రం వాట్సాప్‌లనే ఉండిపోయింది. డైరీకి ఏటా పైసలు తీసుకుంటరు. అట్ట మీద బడి పేరు బంగారు రంగులో మెరుస్తది, లోపల పేజీలు మార్చి నెల దాకా తెల్లగనే ఉంటయి. మా కొడుకు దాని వెనుక పేజీల్లో క్రికెట్ స్కోర్లు రాసుకుంటడు.

యూట్యూబ్ లింకుల సంగతి కూడా చెప్త. ఒకరోజు వానికి జలచక్రం వీడియో పంపిన్రు. నేను పక్కనే కూసొని, ఏం మాట్లాడకుండ చూసిన. జలచక్రం నాలుగు నిమిషాలు, మంచిగనే చెప్పిన్రు. అది అయిపోంగనే దానంతట అదే వరదల వీడియో మొదలైంది. తర్వాత వరదల కొట్టుకుపోతున్న బస్సు. తర్వాత బస్సులు గుద్దుకునుడు. ఆ తర్వాత వాని వేలు షార్ట్స్ మీద పడ్డది, ఇగ ఏం చూస్తున్నడో నాకే అందలేదు. ప్రతి అడుగు ముందటిదానికి చుట్టమే, పిల్లగాడు కావాలని దారి తప్పింది ఎక్కడా లేదు. ఆ నాలుగు నిమిషాలు మీ డిజిటల్ క్లాసులో పెద్ద తెర మీద చూపిస్తే అక్కడికే అయిపోయేది. ఆ తెర పేరు మీద కూడా ఫీజు కడుతున్నం గదా.

పల్లెల్లో 14 నుంచి 16 ఏండ్ల పిల్లల మీద, ప్రథమ్ అనే సంస్థ చేసే 'అసర్' చదువుల సర్వే 2024ల ఏం చెప్పిందంటే, అంతకు ముందు వారంలో ఫోన్‌ను చదువు పనికి వాడినోళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినోళ్లు 76 శాతం. చదువు కోసం తెరిచిన ఫోన్ ఎటు పోతదో చెప్పనీకి దుకాణందారు అవసరం లేదన్నట్టు.

ఇంకో ముచ్చట, ఇది కొంచెం కటువుగ ఉంటది. తండ్రులు వచ్చి కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతరు: "తమ్మీ, ఆమెకు తెల్వకుంట ఆమె మెసేజ్‌లు నా ఫోన్‌లో కనపడేటట్టు చెయ్యి." అందరూ బిడ్డ గురించే అడుగుతరు. కొడుకు గురించి అట్ల అడిగినోళ్లు నాకు యాది లేరు. కొడుకు రాత్రి రెండింటి దాకా ఏం చూస్తున్నడో పట్టింపు లేదు, బిడ్డ ఎవరికి హాయ్ చెప్పిందో మాత్రం కావాలె. నేను చెయ్యనని చెప్త. అట్లాంటి దొంగ యాప్‌లు ప్లే స్టోర్ బయట దొరుకుతయి. బిడ్డ మెసేజ్‌లతో పాటు ఆమె ఫొటోలు, ఓటీపీలు కూడా ముక్కు మొఖం తెల్వనోని చేతికి పోతయి. అంతకంటే పెద్దది ఇంకొకటి. రేపు ఎవడన్న ఫొటో పట్టుకొని ఆమెను బెదిరించిండనుకోండి, చాటుగా చూసే నాయిన దగ్గరికి ఆమె ముందుగా రాదు. "నీ ఫోన్ పదింటికి హాల్లో ఛార్జింగ్‌కు రావాలె, నాది కూడా అక్కడనే ఉంటది" అని ఎదురుగ చెప్పిన నాయిన దగ్గరికి వస్తది. చూసుడు తప్పు కాదు, చూస్తున్నమని చెప్పి చూడాలె.

ఈ మాట మీరు చెప్తే వింటరు, రిపేర్ దుకాణంల చెప్తే వినరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్న. ఆన్‌లైన్ మోసంల పైసలు పోతే 1930కు, పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098కు ఫోన్ చెయ్యాలని మీ బడి గోడ మీద ఎక్కడన్న రాసి ఉన్నదా? ర్యాంకుల ఫ్లెక్సీ పక్కన మూరెడు జాగ చాలు.

రీల్స్ సంగతి రాయకుంటే లేఖ పూర్తి కాదు. బతుకమ్మ ఆడితే రీల్, సైన్స్ ఫెయిర్ పెడితే రీల్, యూకేజీ పిల్లలు పండ్ల వేషం వేస్తే రీల్. అడ్మిషన్ల సీజన్‌ల అయితే రోజుకొకటి. "మన బడి పేజీని ఫాలో కమ్మని మేడం చెప్పింది" అని పిల్లలు ఇంటికి వచ్చి ఇన్‌స్టాగ్రామ్ అడుగుతరు. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏండ్లు నిండాలని ఆ కంపెనీయే నియమం పెట్టుకున్నది. మా నాలుగో తరగతోడు తన డ్యాన్సుకు ఎన్ని లైకులు వచ్చినయో చూపించమని వారం రోజులు నా వెంట పడ్డడు. ఆ అలవాటు వానికి నేను నేర్పలేదు. 2023ల వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏండ్ల లోపు వాళ్లందరినీ పిల్లలనే లెక్కేసింది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలన్నది. దాని రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి, ఈ కట్టుబాట్లు పూర్తిగ అమలుకు వచ్చేందుకు 18 నెలల గడువు ఇచ్చిన్రు. చదువు కోసం, భద్రత కోసం బడులకు కొంత వెసులుబాటు కూడా ఉన్నది. అడ్మిషన్ల ప్రచారం ఆ వెసులుబాటు కిందికి రాదని నేను అనుకుంటున్న. గడువు దాకా ఆగకుండ, ముఖం కనపడే వీడియోకు ముందే మమ్మల్ని ఒక మాట అడగండి. చాలామంది సరే అనే అంటరు.

టీచర్ల మీద నాకు కోపం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకు హోంవర్క్ పెట్టే టీచరమ్మ అప్పటికి బడి నుంచి వచ్చి, వంట చేసి, తన పిల్లలకు తినిపించి, వాళ్లనే టీవీ ముందట కూసోబెట్టి మన పిల్లల ఫొటోలు పెడుతుండొచ్చు. గ్రూపులో రిపోర్టు కనపడాలని ఆమెకు పైనుంచి ఒత్తిడి. అందుకే ఈ లేఖ ఆమెకు రాయలేదు, మీకు రాస్తున్న.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏండ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు బంద్ చేసిన్రు. మన దగ్గర కూడా అట్లాంటి చట్టం రావాలని దుకాణంల కూసున్నోళ్లు వాదించుకుంటరు. వస్తదో రాదో మన చేతిలో లేదు. క్లాస్ గ్రూపు మీ చేతిలో ఉన్నది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఏడో తరగతి దాకా హోంవర్క్ ఆఖరి పీరియడ్‌ల బోర్డు మీద రాయించండి, పిల్లలు డైరీల ఎక్కించుకుంటరు, చేతిరాత కూడా బాగుపడుతది. వాట్సాప్ గ్రూపు సెలవు, బస్సు లేటు, ఫీజు లాంటి ముచ్చట్లకు ఉంచుకోండి. అవి పెద్దోళ్ల ముచ్చట్లు, పిల్లగాని చేతికి ఫోన్ పోవాల్సిన పని ఉండదు. సాయంత్రం ఆరు దాటితే గ్రూపులో ఏదీ పెట్టకండి, రేపు భారీ వాన సెలవు అయితే తప్ప. పై తరగతులకు లింకులు తప్పదనుకుంటే శనివారం పంపండి, ఆదివారం పగటిపూట మేం పక్కన కూసొని చూపిస్తం. కొత్త యాప్ పెట్టాలంటే నెల ముందు చెప్పండి, దుబాయిల ఉన్న తండ్రికి కూడా తెలిసేటట్టు.

ఇంకొకటి, జూన్‌ల బళ్లు తెరిచినంక పెట్టే మొదటి పేరెంట్స్ మీటింగ్‌ల మార్కుల ముచ్చట ఎట్లాగూ ఉండదు. ఆ రోజు అరగంట మాకు ఇయ్యండి. ప్రసంగం వద్దు, ఫోన్లు చేతిలో పట్టుకొని చేసుడే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెక్యూరిటీ సెట్టింగ్స్ కింద యాప్ పిన్నింగ్ అని ఉంటది. దాన్ని ఆన్ చేసి, విప్పాలంటే పిన్ అడగాలని పెట్టి, కావాల్సిన ఫొటోను గ్యాలరీల తెరిచి పిన్ చేస్తే పిల్లగాడు ఆ గ్యాలరీ దాటి బయటికి రాలేడు. అమ్మ ఫోనే వాడే ఇంటికి ఫ్యామిలీ లింక్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తది. దుకాణంల ఇది చూపించినప్పుడల్లా "ఇన్ని రోజులు ఇది నా ఫోన్‌లనే ఉన్నదా?" అని నోరు తెరుస్తరు. అట్లనే ప్లే స్టోర్‌ల కొనే ప్రతిసారి పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుడు నేర్పొచ్చు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017ల, కేంద్రం 2025ల చట్టం చేసి నిషేధించినయి గాని, గేమ్‌ల తుపాకికి రంగు కొనుక్కునుడు ఆ నిషేధంల రాదు. తాతల పెన్షన్ పైసలు అటే పోతున్నయి. వేలిముద్రల లిస్టు తెరిచి తెల్వని వేళ్లను తీసేసుడు ఒకటి. పుట్టిన తేదీ సరిచేసుడు ఒకటి. అరగంటల ఇవన్నీ అయిపోతయి.

నేర్పనీకి మనుషులు కావాలంటే నేను వస్త, రూపాయి వద్దు. మా లైన్‌ల ఇంకో ఇద్దరు ముగ్గురు దుకాణపోళ్లను కూడా తోలుకొస్త, పొద్దున పదకొండు దాకా మాకు ఎట్లాగూ గిరాకీ ఉండదు. ప్రొజెక్టర్ మీది, కుర్చీలు మీవి. పేరెంట్స్‌ను ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకొని, జీమెయిల్ పాస్‌వర్డ్ యాది చేసుకొని రమ్మనండి. ఆ మెసేజ్ ఒక్కటి వాట్సాప్‌ల పెట్టినా ఏమనం.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి, మొబైల్ రిపేర్ దుకాణందారు,
హనుమకొండ